రాగి రింగుల రేకు

స్టీలు బియ్యం డబ్బాను చూడగానే లూదియాకు చిర్రెత్తుకొచ్చింది. కోట్ల విలువైన పరిశోధన, దేశం మొత్తం మీద ఇలాంటిది ఇంకొకటి లేదు అంటూ గంట నుంచి ఫోన్‌లో ప్రొఫెసర్ ప్రద్యుమ్న చెవుల్లో ఊదరగొడుతున్నాడు. తీరా నంద్యాలలోని ఆయన ల్యాబ్‌కు వచ్చి చూస్తే గుమ్మం పక్కన స్టూలు మీద బియ్యం పోసుకునే డబ్బా కూర్చుని ఉంది.

"ఏంది సార్ ఇది? ఈడ వంట కూడా చేస్తాండారా?"

"ఫోన్ల డబ్బా అమ్మా అది," ప్రొఫెసర్ నొచ్చుకున్నాడు. "లోపల రీడింగులు తీసేటప్పుడు ఒక్కరి జేబులో ఫోన్ ఉన్నా చాలు, అది టవర్‌తో మాట్లాడతానే ఉంటాది. మా కొలతలన్నీ పాడైపోతాయి. అందుకని గదిలోకి పోయేముందు ఎవరైనా సరే ఫోన్ దాంట్లో వేసి మూత బిగించాల. మొదటినుంచీ మా అలవాటు."

లూదియా తన ఫోన్ డబ్బాలో వేసి, మూత బిగించి, ప్రొఫెసర్ ఫోన్‌తో రింగ్ చేసింది. అందుబాటులో లేదన్నది. మూత తీసి మళ్ళీ చేసింది. మోగింది. పొద్దుటి నుంచి తన్నులు తింటున్న కేసులో మొదటిసారి ఒక ముక్క చేతికి చిక్కింది.

కేసు చూడబోతే చిన్నదే. ఈ ల్యాబ్‌లో తయారైన రాగి రేకు ఒకటి మాయమైంది. మంగళవారం సాయంత్రం గది తలుపు తీసిన ప్రొఫెసర్‌కు ఖాళీ స్టాండు కనిపించింది. బుధవారం, అంటే ఇవ్వాళ పొద్దున్నే, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న వైదేహిని ఆళ్లగడ్డ బస్టాండులో పోలీసులు పట్టుకున్నారు. ఆమె భుజానికి ఫ్లెక్సీలు చుట్టుకునే అట్ట గొట్టం వేలాడుతోంది. అందులో ఏమీ లేదు. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలసేపు ఆమె ఫోన్ ఆగిపోయింది కాబట్టి రేకు కొనేవాణ్ణి కలవడానికే పోయిందని పోలీసుల లెక్క. రేపు ఢిల్లీ నుంచి కమిటీ వచ్చి రేకు పనితీరు చూడాలి. ఈ సాయంత్రమే వైదేహిని మేజిస్ట్రేటు ముందు పెడతారు. రిమాండ్ పడిందంటే ఆ పిల్ల ఆరేళ్ళ చదువు గంగపాలే, ఆ పైన జీవితమంతా దొంగ అన్న ముద్ర.

అహోబిలం గుడిలో కైంకర్యం చేసుకునే ఆమె తండ్రి కృష్ణస్వామి కబురు తెలియగానే దొరికిన బస్సెక్కి వచ్చి నంద్యాలలో లూదియా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. లూదియా ఒకప్పుడు ఎస్సై. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆ పెద్దాయన ముఖం చూసి కాదనలేక ఆళ్లగడ్డ స్టేషన్‌కు పరుగెత్తింది. వైదేహి మాత్రం "నేను తీయలేదక్కా" అని ఒక్క ముక్క చెప్పి గోడకేసి తిరిగింది. ఎన్ని విధాల అడిగినా నోరు విప్పలేదు. క్లయింటే మూగనోము పడితే డిటెక్టివ్ ఏం చేస్తుంది? మళ్ళీ బస్సెక్కి నంద్యాలకు వచ్చి ఇదిగో, ఈ బియ్యం డబ్బా ముందు నిలబడింది.

లోపలి గది గోడలకూ కప్పుకూ మొనదేలిన నీలిరంగు స్పాంజి ముక్కలు దట్టంగా అతికించి ఉన్నాయి. మాట్లాడితే గొంతు అక్కడికక్కడే ఇంకిపోతోంది. మధ్యలో చెక్క స్టాండు, దాని మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ. పక్కన టీ గ్లాసులో తెల్లటి ప్లాస్టిక్ మరలు.

"ఈ గుడ్డ ఎవరు కప్పినారు సార్?"

"నేను తలుపు తీసేసరికే కప్పి ఉండింది. రేకు ఉందనే అనుకున్నా. తీసి చూస్తే ఏముంది, ఒట్టి స్టాండు."

"మరలు ప్లాస్టిక్‌వి ఎందుకు?"

"ఇనుప మర అయితే అది కూడా తరంగాన్ని చెదరగొడతాది. ఈడ అంతా ప్లాస్టిక్, చెక్కే."

లూదియా గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్క మర మీదైనా గాటు లేదు. తొందరలో ఉన్న దొంగ అయితే బ్లేడు పెట్టి రేకును చీల్చుకుపోతాడు. ఇక్కడ ఎవరో ఓపిగ్గా మరలు విప్పి, గ్లాసులో వేసి, స్టాండుకు ముసుగు కప్పి మరీ వెళ్ళారు. అంటే ఈ గదిలో రోజూ పనిచేసే మనిషి. ఆ అలవాటున్నవాళ్ళు ఇద్దరే, ఒకరు ఎదురుగా ఉన్న ప్రొఫెసర్, రెండోది తన క్లయింటు. లూదియా పళ్ళు నూరుకుంది. దొరికిన ఒక్క ఆధారమూ తన మనిషి మెడకే చుట్టుకుంటోంది.

"అసలు ఆ రేకు ఏం చేస్తాది సార్? నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి."

ప్రొఫెసర్‌కు ప్రాణం లేచొచ్చింది. గోడకు తగిలించిన ఫోటో చూపించాడు. తలుపు రెక్కంత పల్చటి ప్లాస్టిక్ పొర, దాని నిండా వరసలు వరసలుగా చిన్న చిన్న రాగి రింగులు. ప్రతి రింగుకూ ఒకచోట చిన్న ఖాళీ.

"మెటామెటీరియల్ అంటారమ్మా దీన్ని. మామూలుగా ఏ వస్తువైనా తరంగాన్ని ఎట్లా తిప్పుతాదనేది ఆ వస్తువు గుణాన్ని బట్టి ఉంటాది. గాజు ఒక రకం, నీళ్ళు ఒక రకం. దీంట్లో గుణం రాగిది కాదు, ఆ రింగుల ఆకారానిది, అమరికది. రింగు కొలత మారిస్తే గుణం మారుతాది. ప్రకృతిలో ఏ పదార్థమూ చేయని పనులు దీంతో చేయించొచ్చు. ముందు ఇదంతా కాగితం మీద లెక్కే. ఇరవై అయిదేళ్ళ కింద చేసి చూపించినారు. అప్పటినుంచి ఒకటే పరుగు. వస్తువును కనబడకుండా చేసే ముసుగులన్నారు, రాడార్‌కు దొరక్కుండా తరంగాన్ని మింగేసే పూతలన్నారు, అరచేతిలో పట్టే యాంటెన్నాలన్నారు. మాది సిగ్నల్‌ను తిప్పే రేకు. కరెంటు అక్కరలేదు. ఊరికే గోడకు తగిలిస్తే చాలు, వచ్చే సిగ్నల్‌ను మనం అనుకున్న దిక్కుకు మళ్ళిస్తాది. చాప మాదిరి చుట్టుకుని పోవచ్చు."

"చుట్టుకునే పోయినారు కదా," అంది లూదియా. "సోమవారం మధ్యాహ్నం మీరు యాడ ఉన్నారు?"

"ఈడే. లోపల. రీడింగులు తీస్తా ఉన్నా. సీఐకి కూడా అదే చెప్పినా. సాయంత్రం దాకా కదల్లేదు."

"ఫోన్?"

"డబ్బాలో."

"మరి కూతురి ఫోన్ తగలకపోతే కృష్ణస్వామిగారు అదే టయానికి మీకు చేసినాడు. మీరు ఎత్తి, 'పాప ల్యాబ్‌లో ఉంది, తర్వాత చేస్తాది' అని చెప్పినారు. డబ్బాలో ఉన్న ఫోన్ ఎట్లా ఎత్తినారు సార్?"

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. లూదియా స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఎదుటివాడు అబద్ధం వెతుక్కునేటప్పుడు తొందర చేయకూడదనేది ఆమెకు ఖాకీ బట్టలు నేర్పిన పాఠం.

"బయట ఉన్నా," అన్నాడు చివరికి. "ఢిల్లీ కమిటీతో మాట్లాడతా ఉన్నా. రేపటి పరీక్ష వాయిదా వేయమని."

"ఎందుకు?"

"ఎందుకేందమ్మా... రేకు పనిచేస్తాది. అబద్ధం కాదు. కానీ ఒక్కచోటే పనిచేస్తాది. రేడియో ముల్లు ఒక్క స్టేషన్ దగ్గరే పలికి, కొంచెం జరిపితే గరగరమంటాది చూడు, అట్లా. ఈ విద్యలో అందరినీ ఏడిపించేది అదే. వెడల్పుగా అన్ని ఫ్రీక్వెన్సీలకూ పనిచేసేది చేయాలని ప్రపంచమంతా తల బద్దలు కొట్టుకుంటాంది." గొంతు తగ్గించాడు. "మేము చేసినామని పేపర్లో రాసినా."

"గ్రాఫు మార్చినారా?"

"కొంచెం సాగదీసినా."

లూదియా లేచి నిలబడింది. రేపు కమిటీ వచ్చి కొలిస్తే ఈయన పరువు గంగలో కలుస్తుంది. రేకే లేకపోతే కొలిచేదేముంది? ఓపిగ్గా విప్పిన మరలు, ముసుగు, సీఐకి చెప్పిన అబద్ధం, అన్నీ ఒక్కసారి ఈయన వైపే తిరిగాయి. అమ్మయ్య అనుకుంది. ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు.

"ఏమ్మా లూదియా, ప్రొఫెసర్ సార్‌ను బెదిరిస్తాండావా?"

గుమ్మంలో సీఐ దేవరాజు. ఒకే బ్యాచిలో శిక్షణ అయ్యారు ఇద్దరూ. లూదియా చెమటోడ్చి పట్టిన రెండు కేసుల్లో ఫోటో దిగి మెడల్ తెచ్చుకున్నవాడు. ఆ నవ్వు చూస్తే చాలు, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"బెదిరించేది నీ పని. నేను అడుగుతాండా, అంతే. దేవరాజూ, ఆ పిల్ల ఫోన్ సోమవారం రెండు గంటలు ఆగిపోయిందని రాసుకున్నావే, కొనేవాణ్ణి కలవడానికి పోయిందని. ఇదో ఈ డబ్బాలో ఉండింది ఆ ఫోన్. ఈడ పనిచేసే అందరి ఫోన్లూ రోజూ ఆగిపోతాయి. ఆరోజు ఆగనిది ఈయనది ఒక్కటే. లోపలే ఉన్నానని నీకు అబద్ధం చెప్పినాడు. ఎందుకు చెప్పినాడో అడుగు."

దేవరాజు డబ్బా వైపు చూశాడు, ప్రొఫెసర్ వైపు చూశాడు. ఒక్క క్షణం అతని నవ్వు చెదిరింది. వెంటనే సర్దుకున్నాడు.

"సరే, ఫోన్ సంగతి వదిలేద్దాం. అయితే ఆ పిల్ల అంత పొద్దున్నే ఖాళీ గొట్టం ఎందుకు మోసుకొస్తాంది? గాలి తెచ్చుకోడానికా?"

లూదియా ఆ ప్రశ్నను అతని వైపే తిప్పింది.

"అది నువ్వడిగినావా ఆమెను?"

"అడిగినా. నోరు తెరిస్తే కదా. నీకైతే చెప్తాదేమో, రా జీపెక్కు, ఆళ్లగడ్డకే పోతాండా. రేకు సంగతికి కానిస్టేబుల్ డేవిడ్‌ను వేరే చోటికి పంపినా. మీ డిటెక్టివులకు మెదడు ఉంటాది, మాకు కాళ్ళుంటాయి."

"యాడికి పంపినావ్?"

"సాయంత్రం పేపరోళ్ళతో పాటు నీకూ చెప్తాలే."

దారి పొడుగునా లూదియా అడగడం, అతను నవ్వడం. రెండుసార్లు జీపు ఆపమని దిగిపోదామనుకుంది. వైదేహి కోసం పళ్ళ బిగువున కూర్చుంది.

ఆళ్లగడ్డ స్టేషన్‌లో వెనక గదిలో బెంచీ మీద వైదేహి అలాగే ముడుచుకుని కూర్చుని ఉంది. ముందు పెట్టిన ఇడ్లీ పొట్లం విప్పలేదు. మహిళా కానిస్టేబులు బయటికి వెళ్ళగానే లూదియా తలుపు దగ్గరికి వేసి, ల్యాబ్‌లో జరిగిందంతా గడగడా చెప్పేసింది. డబ్బా, కృష్ణస్వామి ఫోన్, సాగదీసిన గ్రాఫు.

"మీ సారే దాచినాడు. నిన్ను ఇరికించినాడు. ఆ గొట్టం సంగతి ఒక్కటి చెప్పు, సాయంత్రానికి నిన్ను ఇంటికి తోలుకపోతా."

వైదేహి తల ఎత్తింది. ఆ కళ్ళల్లో సంతోషం లేదు.

"సార్ తీయలేదక్కా. నేనే తీసినా."

లూదియాకు ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. "పొద్దున తీయలేదన్నావు కదే!"

"అబద్ధం చెప్పినా."

"నీ కోసం పొద్దుటి నుంచి బస్సులు పట్టుకుని తిరుగుతాండా. ఆ దేవరాజుతో నానా మాటలు పడినా. మీ నాయన నా బిడ్డ దొంగ కాదమ్మా అని చేతులు జోడించినాడు. ఆయనకేం చెప్పమంటావ్?" కోపంతో ఆమె గోడను అరచేత్తో చరిచింది. ఇంకా ఎక్కువ కోపం తన మీద తనకే. మరలు, ముసుగు చూసినప్పుడే ఆ శ్రద్ధ ఎవరిదో తట్టాల్సింది. ప్రొఫెసర్ దొంగ అయితే బాగుండునని మనసు కోరుకుంది, కోరుకున్నదాన్నే నమ్మేసింది. "యాడ పెట్టినావ్? ఎంతకు అమ్మినావ్?"

"అమ్మలేదక్కా. గూడెంలో కట్టినా."

తర్వాత ఆ పిల్ల ఆగకుండా చెప్పింది. అహోబిలం పైన అడవిలో చెంచుల గూడెం. చిన్నప్పుడు తండ్రి వెంట కొండకు పోయినప్పటి నుంచి అక్కడివాళ్ళు తెలుసు. అక్కడ ఫోన్ పలకదు. గూడేనికీ టవర్‌కూ మధ్య గుట్ట అడ్డం. పోయిన వానల్లో గూడెంలోని ముసలామె బయ్యమ్మ కూతురికి కాన్పు కష్టమైతే, 108కి ఫోన్ చేయడానికి అక్కడే ఉండే మద్దయ్య గుట్ట ఎక్కాడు. చేసి దిగి వచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఇప్పుడు బయ్యమ్మ కోడలు అంజలికి నెలలు నిండాయి.

"అన్నిటికీ పనిచేయదని సార్ ఏడుస్తాండాడు కదక్కా. గూడేనికి అన్నీ యాడుండాయి? ఉండేది ఒక్క టవరు, ఒక్క ఫ్రీక్వెన్సీ. మా రేకు పలికేది సరిగ్గా దానికే. ఆడ కట్టి చూద్దాం సార్ అని ఆరు నెలలు అడిగినా. ఆడ పెడితే ఒక్కదానికే పనిచేస్తాదని లోకానికి తెలిసిపోతాది, నా పేపర్ పోతాది అన్నాడు. రేపు కమిటీ ముందు ఏదో చేసి దాన్ని అటక మీద పడేస్తాడు. సోమవారం ఆయన బయట ఫోన్లో ఉన్నప్పుడు విప్పినా. మంగళవారం నేనూ మద్దయ్యా బండకు కట్టినాం. కట్టిన వెంటనే బయ్యమ్మ ఫోన్ మోగింది. ముసల్ది భయపడి కింద పడేసింది." మొదటిసారి ఆమె పెదవి కొంచెం విచ్చుకుంది. "అంజలి కాన్పు అయ్యేదాకా దొరక్కుంటే చాలనుకున్నా. తర్వాత నేనే తెచ్చిస్తా. జైలుకైనా పోతా."

లూదియా బెంచీ మీద కూలబడింది. పొద్దుటి నుంచి రేకు దొరికితే చాలని వెతికింది. ఇప్పుడది దొరక్కూడదు. దొరక్కపోతే ఈ పిల్ల బయటికి రాదు. ఎటు తిప్పినా మూసుకుపోయే తలుపులే, ఇలాంటి కేసు ఆమె జన్మలో చూడలేదు.

"వైదేహీ, డేవిడ్ అని కానిస్టేబుల్‌ను యాడికో పంపినాడు దేవరాజు. నిన్ను కొండకు దింపిన ఆటోవాడు ఎవరన్నా..."

మాట పూర్తి కాకముందే తలుపు దబ్బున తెరుచుకుంది. దేవరాజు చేతిలో ఫోన్, స్పీకర్ ఆన్ చేసి ఉంది. అతని ముఖం వెలిగిపోతోంది.

"విను లూదియా, నువ్వూ విను. చెప్పు డేవిడ్, మళ్ళీ చెప్పు."

"దొరికింది సార్!" డేవిడ్ గొంతు పక్క గదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా వినబడింది. "గూడెం పైన బండకు కట్టినారు. రాగి రింగులు, ఫోటోలో ఉన్నట్టే ఉండాది. కాకపోతే ఈడ ఒక ఇబ్బంది సార్. గుడిసెలో ఒకామె నొప్పులు పడతాంది. మద్దయ్య అనేటాయన 108 వాళ్ళతో మాట్లాడతాండాడు, దోవ చెప్తాండాడు. రేకు ముట్టుకోవద్దని కాళ్ళ మీద పడతాండారు."

వైదేహి బెంచీ మీంచి లేచింది. లూదియా దేవరాజు చెయ్యి పట్టుకుంది. "ముట్టుకోవద్దని చెప్పు! దేవరాజూ, గంట ఆగు, అంతే. నీ మెడల్ యాడికీ పోదు!"

"దొంగసొత్తు కళ్ళ ముందు పెట్టుకుని గంట ఆగాల్నా? ఈలోపల ఎవడన్నా ఎత్తుకపోతే?" అతను చెయ్యి విదిలించుకున్నాడు. "వాళ్ళ మాటలు వింటాండావేందిరా? తాళ్ళు కోసి దించు ముందు!"

"డేవిడ్, కోయొద్దు!" లూదియా అరిచింది.

"సార్, కోస్తాండా సార్. ఒక పక్క అయిపోయింది. ఇదో రెండో పక్క కూడా కో..."

మాట మధ్యలోనే కాల్ తెగిపోయింది.

"హలో? డేవిడ్? హలో?" దేవరాజు ఫోన్‌ను దులిపి చూశాడు. "ఛార్జింగ్ అయిపోయినట్టుంది వీనికి."

"ఛార్జింగ్ కాదు సార్," అంది వైదేహి.

అతను మళ్ళీ రింగ్ చేశాడు. మీరు కాల్ చేస్తున్న వ్యక్తి కవరేజి ప్రాంతంలో లేరంది స్పీకర్‌లోని ఆడగొంతు. ఇంకోసారి చేశాడు. అదే గొంతు. అప్పుడు అతని ముఖంలో రంగు మారింది. ఇప్పటిదాకా డేవిడ్ ఎలా మాట్లాడాడో, ఎందువల్ల మాట్లాడగలిగాడో అతనికి ఇప్పుడు తలకెక్కింది. లూదియాకు అతన్ని తిట్టాలని కూడా అనిపించలేదు.

బయట టేబుల్ మీద స్టేషన్ ల్యాండ్‌లైన్ మోగింది. మహిళా కానిస్టేబులు ఎత్తి, ఒక నిమిషం విని, రిసీవర్‌ను అరచేత్తో మూసి గదిలోకి తొంగి చూసింది.

"సార్, 108 వాళ్ళు. బండి అడవిలోకి పోయిందంట, గూడెం దోవ చెప్తా చెప్తా ఉండగానే కాల్ కట్ అయిందంట. దోవ రెండుగా చీలినకాడ నిలబెట్టుకున్నారు. ఎడమకా, కుడికా అని అడుగుతాండారు."

దేవరాజు వైదేహి వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి ఆమెతో మాట్లాడిన గొంతు కాదు అది. "నీకు తెలుసు కదమ్మా ఆ దోవ? చెప్పమ్మా, ఎడమకా, కుడికా?"

వైదేహి తల అడ్డంగా ఊపింది.

"నేను పోయేది కాలిదోవ సార్. బండి పోయే దోవ పోయిన వానలకే తెగింది. కొత్తది యాడ తీసినారో మద్దయ్యకే తెలుసు."